ప్రమోషన్ జాబితాలో మీ పేరు: అడవి అంచున పోలీసు, ఫైర్ సిబ్బంది హక్కులు

ప్రశ్న 1: మా వారు ఉమ్మడి ఖమ్మం జిల్లాలో కానిస్టేబుల్‌గా చేరారు. జిల్లాలు విడిపోయాక భద్రాద్రి కొత్తగూడెం కిందికి వచ్చారు. సర్వీసులో ఎక్కువ కాలం చర్ల, దుమ్ముగూడెం వైపే గడిచింది. ఆయన బ్యాచ్‌లో కొందరు హెడ్ కానిస్టేబుళ్లు అయ్యారు, ఆయన పేరు మాత్రం రాలేదు. అడిగితే పైవాళ్ల దృష్టిలో పడతానని భయపడుతున్నారు. ఎందుకు రాలేదో తెలుసుకునే హక్కు మాకు ఉందా?

ప్రశ్న 2: మా నాన్న ఖమ్మంలో ఫైర్‌మన్. లీడింగ్ ఫైర్‌మన్ ప్రమోషన్ వచ్చే సమయానికి, పాత చార్జి మెమో ఒకటి ఇంకా తేలలేదని పక్కన పెట్టారు. మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ పెట్టమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ ఇద్దరి ప్రశ్నలకూ మూలం ఒకటే కాబట్టి కలిపి చెబుతాను.

ప్రమోషన్ ఇచ్చి తీరాలని పట్టుబట్టే హక్కు ఏ ప్రభుత్వ ఉద్యోగికీ లేదు. అర్హత వచ్చాక తన పేరును మిగతావారితో పాటు న్యాయంగా పరిశీలించాలని అడిగే హక్కు మాత్రం ప్రతి ఉద్యోగికీ ఉంది. ఇది రాజ్యాంగం 16(1) అధికరణం కింద ప్రాథమిక హక్కు అని 1999లో అజిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 2024 జులైలో బిహార్ విద్యుత్ బోర్డు కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. ఖాళీ ఏర్పడిన తేదీ నుంచే ప్రమోషన్ ఇవ్వాలని కోరే హక్కు మాత్రం లేదని అదే తీర్పులో స్పష్టం చేసింది.

కాబట్టి అమ్మా, మీ వారు అడగాల్సింది "నాకు ప్రమోషన్ ఇవ్వండి" అని కాదు. "నా పేరు పరిశీలనకు వచ్చిందా, రాకపోతే ఏ నిబంధన ప్రకారం రాలేదు, నా తర్వాతివారు ఎలా ముందుకెళ్లారు" అని అడగాలి. మొదటిది విన్నపం. రెండోదానికి ఆఫీసు నిబంధన చూపించి జవాబు చెప్పక తప్పదు.

ఫైర్ సర్వీసు ఎవరి కింద ఉంది?

ముందు అర్జీ ఎవరికి పెట్టాలన్న సందేహం తీర్చుకుందాం. రాజ్యాంగం 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 పనుల్లో ఫైర్ సర్వీసు ఏడోది. ముంబయి లాంటి చోట్ల ఫైర్ బ్రిగేడ్ నగరపాలక సంస్థ కిందే నడుస్తోంది. అందుకే చాలామంది మన దగ్గరా అంతే అనుకుంటారు. తెలంగాణలో అలా కాదు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఫైర్ స్టేషన్లు రాష్ట్ర అగ్నిమాపక శాఖవి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1999 నాటి ఫైర్ సర్వీసు చట్టాన్నే తెలంగాణ కొనసాగించింది. ఫైర్‌మన్, లీడింగ్ ఫైర్‌మన్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్, అసిస్టెంట్ జిల్లా ఫైర్ ఆఫీసర్, జిల్లా ఫైర్ ఆఫీసర్ అనే వరుస అంతా ఆ శాఖలోనే నడుస్తుంది. ఫైరింజన్ నడిపే డ్రైవర్ ఆపరేటర్ల పోస్టు వేరు.

ఇక్కడి ఫైర్‌మన్ ప్రమోషన్ గురించి మున్సిపల్ కమిషనర్ చేయగలిగేది ఏమీ లేదు. మీ నాన్నగారి అర్జీ స్టేషన్ ఫైర్ ఆఫీసర్, జిల్లా ఫైర్ ఆఫీసర్ ద్వారా నియామకాధికారికి చేరాలి. తప్పు ఆఫీసులో ఇచ్చిన కాగితం గడువును ఆపదు. ఆరు నెలలు అక్కడ తిరిగాక అసలు చోటికి వెళ్తే ఆలస్యం మీ ఖాతాలోనే పడుతుంది.

ఒక జిల్లా ముక్కలైనప్పుడు సీనియారిటీ ఏమైంది?

మన ప్రాంతంలో ఎక్కువ తగాదాలు ఇక్కడే మొదలవుతాయి. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు భూభాగం 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2016 అక్టోబరు 11న మిగిలిన ఖమ్మం జిల్లా మళ్లీ విడిపోయింది. ఖమ్మానికి పోలీసు కమిషనరేట్ వచ్చింది, భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా అయింది. గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో కలిశాయి. వెంకటాపురం, వాజేడు జయశంకర్ భూపాలపల్లికి వెళ్లి, 2019లో ములుగు జిల్లాలో చేరాయి. ఒకే రోజు ఒకే ఎస్పీ ఆఫీసులో రిపోర్టు చేసిన బ్యాచ్ ఇప్పుడు ఇన్ని జిల్లాల్లో పని చేస్తోంది.

తెలుగు రాష్ట్రాల్లో ఉద్యోగాల స్థానిక కేడర్లకు ఆధారం రాజ్యాంగం 371-డి అధికరణం. దాని కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఖమ్మం, వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ ఐదో జోన్‌లో ఉండేవి. తెలంగాణకు 2018 ఆగస్టులో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. అప్పుడు ఏర్పడిన 7 జోన్లు, 2 మల్టీజోన్లలో ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలు భద్రాద్రి జోన్‌లోకి వచ్చాయి. ఈ కొత్త కేడర్లకు ఉద్యోగులను కేటాయించేందుకు 2021 డిసెంబరు 6న వచ్చినదే అందరి నోటా నలిగిన జీవో 317.

ఈ ఉత్తర్వుల్లో గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది. స్థానిక కేడర్ ఏ ప్రాంతానికి ఏర్పడిందో ఆ ప్రాంతమే నియామకానికి, సీనియారిటీకి, ప్రమోషన్‌కు, బదిలీకి ప్రత్యేక యూనిట్. అందువల్ల మీ వారి బ్యాచ్‌మేట్ ఖమ్మంలో హెడ్ కానిస్టేబుల్ అయ్యారన్నంత మాత్రాన ఇక్కడ అన్యాయం జరిగినట్టు కాదు. రెండు యూనిట్ల ఖాళీలు వేరు, వరుసలు వేరు. మీ వారి యూనిట్‌లోనే ఆయన తర్వాతి వ్యక్తి ముందుకెళ్తే మాత్రం ఊరుకోకూడదు.

ఇక్కడ ఇంకో తేడా కూడా తెలియాలి. ప్రభుత్వం తన అవసరం కోసం ఒక యూనిట్ నుంచి మరో యూనిట్‌కు పంపితే పాత సర్వీసు లెక్కలోకి వస్తుంది. ఉద్యోగి తానే కోరి వెళ్తే సాధారణంగా కొత్త యూనిట్‌లో చివరి వరుసలో నిలబడాలి. పిల్లల చదువు కోసమో, ఇంట్లో పెద్దవాళ్ల కోసమో కోరి బదిలీ చేయించుకుని, పదేళ్లకు ఈ సంగతి తెలిసి బాధపడేవారు ఉన్నారు. బదిలీ ఆర్డర్‌లో పరిపాలనా కారణాలని రాశారా, సొంత అభ్యర్థన అని రాశారా అన్నది చదివాకే రిలీవ్ కావాలి. ఆంధ్రప్రదేశ్ వైపు మండలాల్లో పని చేసేవారికి కేడర్ల లెక్క, హైకోర్టు రెండూ వేరు. తెలంగాణ జీవో అక్కడ పనికిరాదు.

సెప్టెంబరు 1 ఎందుకు ముఖ్యం?

ప్రమోషన్ల సాధారణ నిబంధనలు 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లో ఉన్నాయి. పోలీసు, ఫైర్ శాఖల ప్రత్యేక నిబంధనలను వీటితో కలిపి చదవాలి. వీటి ప్రకారం ప్రమోషన్ జాబితా (ప్యానెల్) సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై మరుసటి ఆగస్టు 31తో ముగుస్తుంది. అర్హతలు చూసే తేదీ సెప్టెంబరు 1. కనీస సర్వీసు, శాఖా పరీక్ష, శిక్షణ వంటివి మీ పోస్టు నిబంధనల్లో ఉంటే ఆ తేదీకల్లా పూర్తయి ఉండాలి. అడవి డ్యూటీలో ఉండి శిక్షణకు పంపకపోతే, "నన్ను పంపండి" అని అప్పుడే రాతపూర్వకంగా అడగాలి. పేరు రాలేదని తెలిశాక చెప్పిన కారణానికి అంత బలం ఉండదు.

ప్యానెల్‌కు ముందు తాత్కాలిక సీనియారిటీ జాబితా వస్తుంది. అభ్యంతరాలు తీసుకున్నాక తుది జాబితా వేస్తారు. సీనియారిటీ నిర్ణయించిన ఉత్తర్వుపై సవరణ కోరడానికి నిబంధనల్లో ఉన్న గడువు 90 రోజులు. కేవలం వాస్తవాల పొరపాటు సరిదిద్దే సందర్భాలకు తప్ప, ఆ గడువు దాటాక వచ్చిన దరఖాస్తును తిరస్కరించాల్సిందే. చర్ల అవతల ఉన్నవారికి జాబితా చేతికందేసరికి సగం గడువు పోవచ్చు. అందుకే ఇంట్లోవారు, స్టేషన్ రైటర్‌తో పరిచయం ఉన్న తోటివారు జాబితా వచ్చిందన్న కబురు వెంటనే చేరవేయాలి. జాబితాలో పుట్టిన తేదీ, చేరిన తేదీ, సెలక్షన్ ర్యాంకు, పొందిన శిక్షణ, రిజర్వేషన్ వర్గం సర్వీసు రిజిస్టర్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి.

కోర్టు గడువు ఇంకా కఠినం. జూనియర్‌కు ప్రమోషన్ ఇచ్చారన్న ఫిర్యాదు ఉంటే ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో కోర్టుకు రావాలని 1974లోనే సదాశివస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏళ్ల తర్వాత కొత్త అర్జీ పెట్టినంత మాత్రాన చచ్చిన హక్కు లేచి రాదని 2008లో సి.జాకబ్ కేసులో మరోసారి హెచ్చరించింది.

తాత్కాలిక ప్రమోషన్ వచ్చినవారికీ ఒక మాట. నిబంధనల ప్రకారం ప్యానెల్ ద్వారా కాకుండా తాత్కాలిక ఏర్పాటుగా ఇచ్చిన పదోన్నతి కాలం సీనియారిటీకి లెక్క రాదన్నది 1990లో మహారాష్ట్ర డైరెక్ట్ రిక్రూట్ ఇంజినీర్ల కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన సూత్రం. తీవ్రవాద వ్యతిరేక డ్యూటీలో సాహసం చూపినవారికి ఇచ్చే యాక్సిలరేటెడ్ ప్రమోషన్ల విషయంలోనూ సీనియారిటీ ఏ తేదీ నుంచో ఆర్డర్‌లో చూసుకోవాలి. ఈ ప్రమోషన్లు వచ్చినవారికీ రానివారికీ మధ్య వివాదాలు ట్రిబ్యునల్ నుంచి హైకోర్టు దాకా నడిచాయి.

రెగ్యులర్ ప్రమోషన్ ఆర్డర్ వచ్చినప్పుడు 15 రోజుల్లో చేరకపోతే ఆ ప్యానెల్ సంవత్సరానికి అవకాశం పోతుంది. దూరపు పోస్టింగ్ అని చేరకుండా ఆగేవారు ఈ నష్టం లెక్కేసుకోవాలి.

పాత తీర్పు చెల్లుతుందా?

మన దగ్గర ఉద్యోగులు ఇప్పటికీ వై.వి.రంగయ్య కేసు ప్రస్తావిస్తారు. అది ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కేసు. 1976లో వేయాల్సిన ప్యానెల్ ఆలస్యమైంది. ఈలోగా 1977 మార్చిలో నిబంధనలు మార్చారు. మార్పుకు ముందు వచ్చిన ఖాళీలను పాత నిబంధనలతోనే నింపాలని 1983లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాదాపు నలభై ఏళ్లు దేశమంతా దీన్నే అనుసరించారు. 2022 మే 20న హిమాచల్ ప్రదేశ్ రాజ్ కుమార్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని తోసిపుచ్చింది. అర్హత నిబంధన మారితే, పాత ఖాళీ కాబట్టి పాత నిబంధనే వర్తించాలని ఇప్పుడు వాదించలేం. రంగయ్య తీర్పును నమ్ముకుని ఎవరైనా కేసు వేయిద్దామంటే ముందు ఈ సంగతి అడగండి.

చార్జి మెమో ఉంటే దారి మూసుకుపోయినట్టేనా?

కాదు. 1991లో కె.వి.జానకిరామన్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇది: ఉద్యోగికి చార్జి మెమో అందాకే, లేదా క్రిమినల్ కేసులో కోర్టులో చార్జిషీటు పడ్డాకే ప్రమోషన్ నిర్ణయాన్ని ఆపి ఉంచవచ్చు. ప్రాథమిక విచారణ నడుస్తోందనో, ఫిర్యాదు వచ్చిందనో ఆపకూడదు. ఆరోపణల నుంచి పూర్తిగా బయటపడితే, జూనియర్‌కు ప్రమోషన్ వచ్చిన తేదీ నుంచే ఆ ప్రయోజనం అడగవచ్చు. బకాయి జీతం ఎంత ఇవ్వాలన్నది కేసు పరిస్థితులను బట్టి అధికారులు కారణాలు రాసి నిర్ణయించాలి.

మీ నాన్నగారి విషయంలో చార్జి మెమో ఉంది కాబట్టి మీకు పనికొచ్చేది జీవో 257. 1999 జూన్ 10న సాధారణ పరిపాలన శాఖ ఇచ్చిన ఉత్తర్వు ఇది. విచారణ పెండింగ్‌లో ఉన్నవారి పేరు కూడా ప్యానెల్ సమయంలో పరిశీలించాలి, నిర్ణయం వాయిదా వేయాలి. రెండేళ్లు దాటినా విచారణ తేలకపోతే తాత్కాలిక ప్రమోషన్ ఇవ్వవచ్చేమో చూడాలి. ఆరోపణ ఎంత తీవ్రమైనది, ప్రమోషన్ ఇస్తే ప్రజా ప్రయోజనానికి హాని ఉందా, ఆలస్యానికి ఉద్యోగే కారణమా అన్నవి అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. మీ నాన్నగారు చార్జి మెమో తేదీ, తాను వివరణ ఇచ్చిన తేదీ, విచారణాధికారి చివరిగా పిలిచిన తేదీ వరుసగా రాసి, జీవో 257 కింద తన పేరు పరిశీలించమని, విచారణ త్వరగా ముగించమని ఒకే అర్జీలో కోరాలి. ఆలస్యం తన వల్ల కాదని తేదీలతో చూపడమే ఆ అర్జీకి ప్రాణం.

వార్షిక రహస్య నివేదికల సంగతీ ఇలాంటిదే. 2008లో దేవ్ దత్ కేసులో, ప్రతి నివేదికలోని గ్రేడింగును ఉద్యోగికి తెలియజేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని ఖరారు చేశారు. మీకు చూపని నివేదికను అడ్డుగా పెట్టి పేరు తీసేస్తే ప్రశ్నించవచ్చు.

ఆదివాసీ, దళిత సిబ్బందికి

రాజ్యాంగం 16(4ఎ) అధికరణం ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్ కల్పించే అధికారం రాష్ట్రానికి ఇచ్చింది. మన రాష్ట్రంలో దీని అమలుకు 2003 ఫిబ్రవరి 14 నాటి జీవో 5 ఆధారం. ఏ ఖాళీ ఏ వర్గానికో చూపే రోస్టర్ పాయింట్ల రిజిస్టర్‌లో మీ కేడర్‌కు ఎన్ని పాయింట్లు వచ్చాయి, వాటిని ఎవరితో నింపారు, ఎన్ని మిగిలాయి అని అడగండి. కోయ, కొండరెడ్డి కుటుంబాల నుంచి వచ్చిన కానిస్టేబుళ్లు ఈ రిజిస్టర్‌ను తప్పక చూడాలి.

ఎవరిని, ఎలా అడగాలి?

మొదట రాతపూర్వక అర్జీ ఇవ్వండి. స్టేషన్ ద్వారానే పంపండి, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ తీసుకోండి. ఇది క్రమశిక్షణ తప్పడం కాదు, ఉద్యోగికి నిబంధనలు చూపిన దారే. అర్జీ మీద సంతకం మీ వారిదే ఉండాలి, మీది కాదు. ఎమ్మెల్యే సిఫారసు లేఖ జత చేయవద్దు. పై అధికారులపై బయటి ఒత్తిడి తేవడం ప్రవర్తనా నిబంధనలకు విరుద్ధం, అదే ఒక చార్జి అవుతుంది.

ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి ఇక్కడ ఉపయోగపడుతుంది. డీఎస్పీ, ఆ కింది స్థాయి పోలీసుల బదిలీలు, పోస్టింగులు, ప్రమోషన్లను పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు నిర్ణయించాలన్నది ఆ ఆదేశం. మీ అర్జీలో దాన్ని ప్రస్తావించవచ్చు.

తర్వాత సమాచార హక్కు. 10 రూపాయల ఫీజుతో తుది సీనియారిటీ జాబితా, ఆ ప్యానెల్ సంవత్సరం ఖాళీల లెక్క, తన పేరు మీద తీసుకున్న నిర్ణయం, తన రహస్య నివేదికల నకళ్లు అడగవచ్చు. కారణం చెప్పనక్కర్లేదని చట్టం 6(2) సెక్షన్ చెబుతోంది. జవాబుకు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30 రోజులు. క్యాంపుల వివరాలు, ఆపరేషన్ల సమాచారం అందులో కలపవద్దు, అది ఇవ్వరు.

అప్పటికీ న్యాయం జరగకపోతే హైకోర్టులో రిట్. తెలంగాణ ఉద్యోగులకు పరిపాలనా ట్రిబ్యునల్ 2016లో రద్దయింది కాబట్టి నేరుగా 226 అధికరణం కింద హైదరాబాద్‌లోని హైకోర్టుకే వెళ్లాలి. లాయరు ఫీజు భరించలేమని ఆగవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఖమ్మం, కొత్తగూడెం కోర్టుల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలను గానీ, 15100 నంబరును గానీ అడగండి. వారు హైకోర్టు న్యాయసేవల కమిటీకి దారి చూపుతారు.

రోడ్డెక్కడం మాత్రం వద్దు. పోలీసులు యూనియన్‌గా ఏర్పడటంపై, పత్రికలతో మాట్లాడటంపై 1966 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది. 2024 అక్టోబరులో స్పెషల్ పోలీసు బెటాలియన్ల కుటుంబాలు డ్యూటీ పద్ధతి మార్చాలని ఆందోళన చేసినప్పుడు 39 మంది సిబ్బంది సస్పెండయ్యారు, 10 మంది ఉద్యోగాలు పోయాయి. వారి బాధ నిజమైనదే. అందుకే చెబుతున్నాను, మీ చేతిలో ఉన్న బలమైన సాధనం తేదీలు సరిగ్గా ఉన్న కాగితమే.

ఇది మనందరి విషయం

పోలీసు, ఫైర్ ఉద్యోగుల ప్రమోషన్‌తో మాకేం పని అని మిగతా పాఠకులు అనుకోవద్దు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనల ప్రకారం ఆ కేసులను డీఎస్పీకి తక్కువ కాని అధికారే దర్యాప్తు చేయాలి. గంజాయి కేసుల్లో వారెంటు లేకుండా సోదా చేసే అధికారం కానిస్టేబుల్‌కు ఉండదు. ఎన్‌డీపీఎస్ చట్టం 42వ సెక్షన్ అంతకు పై హోదా కోరుతుంది. ఒడిశా వైపు నుంచి సరుకు దిగే భద్రాచలం దారిలో ఒక హెడ్ కానిస్టేబుల్ పోస్టు ఖాళీగా ఉంటే దాని ఫలితం ఊళ్ల మీద పడుతుంది. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినప్పుడు, 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచినప్పుడు సహాయం కోసం జనం చూసింది ఈ యూనిఫాంల వైపే. అలాంటి వేళ ఆజ్ఞ ఇవ్వాల్సిన స్థానంలో అనుభవం ఉన్న మనిషి ఉండాలి. ఆ మనిషిని సమయానికి ఆ స్థానానికి చేర్చడం కోసమే ప్రమోషన్ నిబంధనలు ఉన్నాయి.

అమ్మా, ఈ వారమే మీ వారి సర్వీసు రిజిస్టర్ నకలు, చివరి సీనియారిటీ జాబితా తెప్పించండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి తేదీలు సరిచూడండి. తేడా కనిపిస్తే అర్జీ ఆలస్యం చేయవద్దు. తేడా లేకపోతే, వరుసలో ఆయన ఎక్కడున్నారో, ఇంకెన్ని ఖాళీలకు ఆయన వంతు వస్తుందో స్పష్టంగా తెలుస్తుంది. అది తెలుసుకోవడం కూడా ఆయన హక్కే.